నావిగేషన్ కుర్చీలో శత్రువు

పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద మనిషిని చంపడం తేలిక. సాయంత్రం పూట ఎవడూ కదలడు. చంపేవాడు తొందరపడక్కర్లేదు. చచ్చేవాడు పారిపోలేడు.

రఘురామ్ అలాగే చచ్చాడు. ముందు సిటీ బస్సు, వెనక వాటర్ ట్యాంకర్, మధ్యలో అతని కారు. హెల్మెట్ పెట్టుకున్న ఒకడు బైకుల సందులోంచి నడిచివచ్చి అద్దం మీద వేలితో కొట్టాడు. రఘురామ్ అద్దం దించాడు. ఇన్నేళ్లు సెక్యూరిటీ ఆఫీసర్‌గా చేసినవాడు అద్దం దించాడు. సైలెన్సర్ పిస్టల్. ఒక్కటే గుండు. ఆ చప్పుడు హారన్లలో కలిసిపోయింది. బస్సు కదిలాక కూడా కారు కదల్లేదని వెనకవాళ్లు శవాన్ని చాలాసేపు తిట్టారు.

అతను ఎర్రమంజిల్‌కు వెళుతున్నాడు. ఒక పేరు చెప్పడానికి.

ఎర్రమంజిల్‌లో ఒక పాత సర్కారీ క్వార్టర్ ఉంది. బోర్డు మీద 'ఉద్యానవన శాఖ, పాత ఫైళ్ల గది' అని రాసి ఉంటుంది. లోపల ఉండేది గూఢచార విభాగం. మొక్కల గురించి అడగడానికి కూడా ఈ ఊళ్లో ఎవరూ రారు. అందుకే సీక్రెట్ ఇన్నాళ్లు నిలిచింది.

చీఫ్ రాజనర్సయ్య తలెత్తకుండానే అన్నాడు. "కూసో విజయేందర్."

ఏజెంట్ విజయేందర్ కూర్చోలేదు. ఆ కుర్చీకి ఒక కాలు సరిగ్గా లేదని అతనికి తెలుసు.

"త్రినేత్ర ఆర్బిటల్స్ తెల్సు కదా. పంజాగుట్టల ప్రైవేట్ స్పేస్ కంపెనీ. రఘురామ్ వాళ్ల సెక్యూరిటీ ఆఫీసరే. వాళ్ల శాటిలైట్ పేరు డేగ. సముద్రం మీద దొంగ పడవ కదిలినా చూస్తది. పైకైతే పోయింది గని, ఉండాల్సిన ఎత్తుకు ఇంక ఎక్కలేదు. రేపు సాయంత్రం ఇంజిన్ కాల్చి ఎక్కియ్యాలె."

"ఎల్లుండి కాలిస్తే ఏమైతది?"

"హీటర్ ఖరాబైంది. ట్యాంకుల ఇంధనం గడ్డ కడుతున్నది. రేపు దాటితే మల్ల కాలదు. తప్పు దిక్కుకు కాల్చినా ఖతమే. సక్కగా వచ్చి సముద్రంల పడ్తది."

"అది పడ్తె ఎవరికి లాభం?"

చీఫ్ ఒక దేశం పేరు చెప్పాడు. ఆ పేరు ఇక్కడ అనవసరం. రాస్తే మనవాళ్లు తీవ్రంగా ఖండిస్తారు. అంతకుమించి ఏమీ చేయరు.

"కంట్రోల్ రూమ్‌ల వాళ్ల మనిషి ఒకడున్నడు. రఘురామ్ పట్టిండు. ఫోన్‌ల పేరు చెప్పనన్నడు, వచ్చి చెప్తనన్నడు. రాకముందే చంపిన్రు. పోయిన వారం ఆయన కారు దినాం అమీర్‌పేటల ఒక్క సందులనే ఆగింది. గగనమార్గ్ అకాడమీ ముందట. ఆడ మన రత్నమాల ఉన్నది."

"రత్నమాల మన మనిషి ఎన్నడైంది సార్?"

"మనకూ మనిషే. వాళ్లకూ మనిషే."

"అంటే ఎవరికీ కాదు."

"గా తెలివి జర రేపటికి దాచుకో," అని రాజనర్సయ్య ఒక డబ్బా ముందుకు తోశాడు. అందులో గాడ్జెట్లు. గుండీలో కెమెరా. సిగ్నల్ ఆపేసే జామర్ ఉన్న చేతి గడియారం. గడియారం టైమ్ సరిగ్గా చూపించడం లేదు. కనిపెట్టినవాడికి డాక్టరేట్ ఉంది.

మర్నాడు పొద్దున్నే విజయేందర్ నిరుద్యోగి వేషంలో అమీర్‌పేట మెట్రో దిగాడు. పెద్ద మేకప్ అక్కర్లేదు. భుజానికి ఒక బ్యాగు తగిలించుకుని, మొహంలో కొంచెం భయం పెట్టుకుంటే చాలు, అమీర్‌పేటలో ఎవరైనా స్టూడెంటే. మెట్లు దిగేసరికి చేతిలో పన్నెండు పాంప్లెట్లు పడ్డాయి. జావా, టెస్టింగ్, క్లౌడ్, జర్మన్ భాష. పదమూడోది గగనమార్గ్ వాళ్లది. మిషన్ కంట్రోల్ కోర్సు. ఫ్లైట్ డైరెక్టర్ దాకా నలభై ఐదు రోజులు. హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్. ఎక్స్‌పీరియెన్స్ కూడా వాళ్లే ఇస్తారు.

చంద్రుడి మీదికి మనిషిని పంపడానికి ఇంకో దేశానికి ఎన్నో ఏళ్లు పట్టింది. అమీర్‌పేట అడ్రస్ తెలియక.

మూడో అంతస్తులో క్లాసు. కింద మిర్చి బజ్జీల నూనె వాసన పైదాకా వస్తోంది. గదిలో ఊపిరాడనంత మంది. ముందు నిలబడ్డ ఫ్యాకల్టీ రాకెట్‌ను దీపావళికి తప్ప చూడలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"ఏ అన్నా, నీ వయసెంత?" అన్నాడు అతను విజయేందర్‌ను చూసి.

"నలభై దాటింది సార్."

"ఫికర్ లేదు. ఫ్రెషర్ చేస్తం. గా మూలకు కూసో." క్లాసు నవ్వింది. ఫ్యాకల్టీ బోర్డు వైపు తిరిగాడు. "ఫ్లైట్ డైరెక్టర్ అంటే ఎవరు? రాకెట్‌కు మేనేజర్. అందరు ఆయనకు గుడ్ న్యూస్ చెప్పాలె. ఇంటర్వ్యూల తెల్వది అన్నవా, ఖతం. అడిగెటోనికి సుత తెల్వది, యాద్ పెట్టుకోండ్రి. లేనిదాని గురించి అడిగినా ఉన్నదనే చెప్పాలె. ఏం చెప్పాలె?"

గది మొత్తం ఒక్క గొంతుతో పలికింది. "ఎస్. నేనే హ్యాండిల్ చేశాను. అంతా అండర్ కంట్రోల్."

"గట్టిగ."

ఇంకా గట్టిగా పలికారు. కింద బజ్జీలవాడు కూడా విని ఉంటాడు.

కౌన్సిలింగ్ రూమ్‌లో రత్నమాల ఉంది. నెమలి రంగు చీర, గదిలో కూడా నల్ల కళ్లద్దాలు. ఆమె సెంటు ముందు బజ్జీల వాసన ఓడిపోయింది. కోడ్ వర్డ్ చెప్పక తప్పదు. విజయేందర్ రోతగానే చెప్పాడు.

"మీ సందులో వాన పడిందా?"

"వాన పడలేదు. పోస్టర్లు తడిశాయి." ఆమె కళ్లద్దాలు కొంచెం దించింది. "ఏంటి విజయేందర్ గారూ, ముసలివాళ్లవుతున్నారు."

"మీ క్లాసుల కూసుంటే ఎవడైనా అయితడు. పేరు చెప్పు."

"ఊరికే చెప్పేస్తే నా విలువేముంది?"

"నీ విలువ ఇద్దరు దుకాణదార్లకు తెల్సు. నాకెందుకు. పేరు చెప్పు."

ఆమె నవ్వింది. చాలామంది ఆ నవ్వుకు దేశ రహస్యాలు ఇచ్చారు. విజయేందర్ గోడ మీద క్యాలెండర్ చూశాడు.

"రిషి," అంది చివరికి. "నావిగేషన్ కుర్చీ. కుర్రాడు. ఇక్కడే చదివాడు. సాయంత్రం ఇంజిన్ కాల్చే ముందు దిక్కు మార్చేస్తాడు. అతణ్ని ఆ కుర్చీలోంచి లేపేయండి, మీ డేగ బతుకుతుంది."

త్రినేత్ర ఆర్బిటల్స్ పంజాగుట్టలో ఒక బిల్డింగ్ పై అంతస్తులో ఉంది. కింద చీరలు, పైన శాటిలైట్లు, లిఫ్ట్ ఒకటే. విజయేందర్ ఏసీ మెకానిక్ యూనిఫామ్ వేసుకుని, చేతిలో పానా పట్టుకుని, పట్టుచీరల కవర్లు మోస్తున్న ఆడవాళ్ల మధ్య నలుగుతూ పైకి చేరాడు. సెక్యూరిటీ అతని ఐడీ అడగలేదు. పానా ఉన్నవాణ్ని ఎవడూ ఏమీ అడగడు.

కంట్రోల్ రూమ్‌లో వరసగా కంప్యూటర్ డెస్కులు. ఒక్కో డెస్కుకు ఒక్కో పని. ఇంజిన్ చూసేది వనిత. దిక్కు లెక్కలు చూసేది రిషి. ఫ్లైట్ డైరెక్టర్ ఆజ్ఞ ఇచ్చాక శాటిలైట్‌కు కమాండ్ పంపే మీట హరిణి దగ్గర ఉంది. వీళ్లందరి వెనక, కొంచెం ఎత్తులో, కాటన్ చీర కట్టుకుని, చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని అరుణాదేవి నిలబడి ఉంది. ఫ్లైట్ డైరెక్టర్. ఆ డెస్కుల్లో కూర్చునేవాళ్లెవరూ ఆమెను పేరు పెట్టి పిలవరు. 'ఫ్లైట్' అంటారు. డేగ కాగితం మీద గీతగా ఉన్నప్పటి నుంచి ఆమె దానితోనే ఉంది. అది పడిపోతే ఆమెకు మిగిలేది ఆ హెడ్‌సెట్.

విజయేందర్ ఆమె పక్కన ఏసీ విప్పుతున్నట్టు నిలబడి, సంగతి గుసగుసగా చెప్పాడు. ఎర్రమంజిల్, రఘురామ్, అమీర్‌పేట క్లాసు, చివరికి రిషి పేరు.

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. "సాక్ష్యం ఏంటి?"

"మా సోర్స్ చెప్పింది మేడమ్."

"మీ సోర్స్ ఎప్పుడైనా అబద్ధం చెప్పిందా?"

"అది ఆమె నౌకరీ మేడమ్."

గదికి వెనక గాజు గోడ. గోడ అవతల సోఫాలు. అందులో చైర్మన్, ఇద్దరు పెద్ద ఆఫీసర్లు, జీడిపప్పు. విజయేందర్ పంపిన పేరుతో చీఫ్ అప్పటికే చైర్మన్‌కు ఫోన్ చేసి ఉన్నాడు. అందుకే చైర్మన్ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

"అరుణ గారూ, ఆ కుర్రాణ్ని వెంటనే బయటికి పంపేయండి. కృష్ణమోహన్ గారు ఉన్నారు కదా. ఆయన కూర్చుంటారు."

కృష్ణమోహన్ అప్పటికే లేచి నిలబడ్డాడు. నావిగేషన్‌కు బ్యాకప్ మనిషి. నలగని చొక్కా, నలగని మొహం. ఏ మీటింగ్‌లోనూ అతని జవాబు ఆలస్యం కాలేదని చైర్మన్‌కు అతనంటే ప్రాణం.

"రిషీ," అంది అరుణాదేవి. "ఇప్పుడు నీ పరిస్థితి చెప్పు."

కుర్రాడికి చెమటలు పడుతున్నాయి. "దిక్కు సరిగ్గనే ఉన్నది ఫ్లైట్. గని ఒక రీడింగ్ ఊగుతున్నది. ఎందుకో తెల్వది."

"విన్నారా?" అన్నాడు చైర్మన్. "తెలియదంట. వీడికి జీతం ఇస్తున్నాం."

విజయేందర్‌కు కూడా అసహ్యం వేసింది. ఇంతమంది ప్రాణం పెట్టిన పని, వీడికి తెలియదట.

"వనితా?" అంది అరుణాదేవి.

ఇంజిన్ డెస్క్ నుంచి జవాబు వచ్చింది. "అది మా వల్ల ఫ్లైట్. ట్యాంకులో గడ్డ కదులుతోంది. డేగ కొంచెం ఊగుతుంది. భయం లేదు."

"రిషీ, అర్థమైందా?"

"అయింది ఫ్లైట్. లెక్కల దాన్ని కలుపుకుంట."

చైర్మన్ గడియారం చూసుకున్నాడు. "అరుణ గారూ, ఇది నా ఆర్డర్."

ఆమె అప్పుడు తిరిగింది. "నావిగేషన్ నాకంటే రిషికి ఎక్కువ తెలుసండీ. ఇంజిన్ నాకంటే వనితకు ఎక్కువ తెలుసు. నా పని వాళ్లు చెప్పింది వినడం, విని వెళ్లాలో ఆగాలో ఒక్క మాట చెప్పడం. ఆ మాట తప్పైతే తప్పు నాది. మిషన్ నడిచేటప్పుడు ఆ మాట ఇంకెవరూ చెప్పకూడదు. మీ సంతకంతోనే ఆ రూల్ వచ్చింది. మీరు గాజు అవతల కూర్చోండి."

చైర్మన్ వెళ్లాడు. తను ఏమేం సంతకం పెట్టాడో గుర్తు తెచ్చుకుంటూ వెళ్లాడు.

ఆమె కాసేపు తెర చూసింది. "పేరు వచ్చింది కాబట్టి పక్కన పెట్టక తప్పదు. రిషీ, లేచి నా వెనక కూర్చో. బయటికి వెళ్లకు. కృష్ణమోహన్, కుర్చీ తీసుకోండి."

"ఏం జేసిన ఫ్లైట్?" అన్నాడు రిషి.

"తెలీదు. కూర్చో."

కృష్ణమోహన్ వచ్చి, చొక్కా చేతులు సర్దుకుని, కుర్చీలో కూర్చుని, కీబోర్డు మీద చకచకా ఏవో అంకెలు కొట్టాడు. తెర మీద అంకెలు తగ్గుతున్నాయి. డేగ హైదరాబాద్ ఆంటెన్నాకు కనబడే కాసేపట్లో కమాండ్ పోవాలి. దాటితే ఇంకేమీ ఉండదు.

"కృష్ణమోహన్, పద్ధతి ప్రకారం చెప్పండి," అంది అరుణాదేవి.

విజయేందర్ రిషి వైపు వంగి అడిగాడు. "ఏం పద్ధతి?"

"కుర్చీ మారితే, కొత్తగ కూసున్నోడు తనకు ఏం తెల్వదో ముందు అది చెప్పాలె. తెల్సింది తెర మీద ఎట్లయినా కనబడ్తది. ఫ్లైట్ పెట్టిన పద్ధతి."

కృష్ణమోహన్ నవ్వాడు. "నాకు తెలియనిది ఏమీ లేదు ఫ్లైట్. రెడీ."

వనిత తల తిప్పి చూసింది.

అరుణాదేవి గొంతు మారలేదు. "మంచిది. నిన్నటి షిఫ్టులో పంపిన దిక్కు కరెక్షన్ తర్వాత డేగ ఎటు వాలింది?"

"కొంచెం ఎడమకు వాలింది ఫ్లైట్," అన్నాడు కృష్ణమోహన్, ప్రశ్న పూర్తయీ కాకముందే. "ఎస్. నేనే హ్యాండిల్ చేశాను. అంతా అండర్ కంట్రోల్."

విజయేందర్ పానా పట్టు బిగించాడు. ఆ రాగం పొద్దున్నే విన్నాడు. ఒక గదినిండా మంది కలిసి పాడారు. రత్నమాల రిషిని పట్టివ్వలేదు, కృష్ణమోహన్‌కు కుర్చీ ఇప్పించింది. ఆ కుర్చీ దాకా శత్రువును చెయ్యిపట్టుకుని నడిపించింది ఎవరో కాదు, ఎర్రమంజిల్ వాళ్లే.

రిషి గొణిగాడు. "నిన్న మనం ఏ కరెక్షనూ పంపలేదు గదా ఫ్లైట్."

అరుణాదేవి తల ఊపింది. పక్కనున్న నీళ్ల సీసా తీసుకుని, మూత తీసి, ఎత్తి తాగడం మొదలుపెట్టింది. ఆలోచించేటప్పుడు ఆమె అలాగే తాగుతుంది. కృష్ణమోహన్ వీపు ఆమె వైపు ఉంది. తన పని అయిపోయిందనుకున్నాడో, అనుమానం పసిగట్టాడో, అతని వేలు షర్ట్ కాలర్ కింద ఉన్న ఒక చిన్న బొత్తాం నొక్కింది.

అందరి హెడ్‌సెట్లలో అరుణాదేవి గొంతు వినిపించింది. అదే స్వరం, అదే విరుపు.

"కమాండ్, గో."

హరిణి వేలు మీట మీద ఉంది. నొక్కడానికే ఆమెకు జీతం. అయినా ఆమె తల తిప్పి చూసింది. ఫ్లైట్ ఇంకా నీళ్లు తాగుతోంది. గొంతులో గుటక కదులుతోంది.

నీళ్లు మింగుతూ ఎవరూ మాట్లాడలేరు. అంత ఖర్చుపెట్టి గొంతు తయారుచేసిన దేశం, నోరు కూడా చూసుకోవాలని అనుకోలేదు.

హరిణి వేలు వెనక్కి తీసింది. "ఫ్లైట్, ఆ మాట మీరేనా?"

కృష్ణమోహన్ కుర్చీని వెనక్కి తన్ని హరిణి డెస్కు మీదికి దూకాడు. తనే మీట నొక్కేద్దామని. విజయేందర్ గడియారంలో జామర్ నొక్కాడు. జామర్‌కు బదులు అలారం మోగింది. డాక్టరేట్‌ను మనసులో తిట్టి, పానా తిప్పి కొట్టాడు. కృష్ణమోహన్ పళ్లు రెండు కీబోర్డు మీద పడ్డాయి, వెనకే మనిషి నేల మీద పడ్డాడు. విజయేందర్ అతని వీపు మీద మోకాలు పెట్టి కూర్చున్నాడు.

"రఘురామ్‌ను చంపించింది నువ్వే గదా?"

"ఎస్," అన్నాడు కృష్ణమోహన్, నెత్తురు ఉమ్మి. "నేనే హ్యాండిల్ చేశాను." కోర్సు బాగానే నేర్పారు.

అరుణాదేవి వాళ్లిద్దరి వైపు చూడనే లేదు. "అందరూ వినండి. నో గో. ఇందాకటి గొంతు నాది కాదు. రిషీ, నీ కుర్చీలోకి రా. ఏం మార్చాడో చూడు."

రిషి నేల మీద ఉన్న ఇద్దర్నీ దాటుకుని వచ్చి కూర్చున్నాడు. వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. "దిక్కు తిరగేసిండు ఫ్లైట్. ఇట్లనే పోతే సక్కగా సముద్రమే. నా అంకెలు మల్ల పెడుతున్న."

"ఎంతసేపు?"

"తెల్వది ఫ్లైట్. వట్టిగ తొందరపెట్టకుంటే తొందరగ అయితది."

చైర్మన్ గాజు మీద చేతులతో కొడుతున్నాడు. ఆ గాజు చప్పుడు రానివ్వదు. ఆ బిల్డింగ్‌లో తెలివిగా ఖర్చుపెట్టింది ఆ ఒక్క గాజుకే.

తెర మీద అంకెలు ఎరుపులోకి తిరిగాయి. ఆంటెన్నాకు డేగ చివరి చివర్లలో ఉంది. ఆమె ఒక్కసారి కూడా 'త్వరగా' అనలేదు.

"అయింది ఫ్లైట్."

"ఇంజిన్?"

"గో," అంది వనిత.

"నావిగేషన్?"

రిషి ఒకసారి ఊపిరి తీసుకున్నాడు. "గో."

అరుణాదేవి నీళ్ల సీసా కింద పెట్టి, హరిణి కళ్లలోకి చూసి, నోరు బాగా తెరిచి చెప్పింది. "కమాండ్, గో."

మీట పడింది. అదే క్షణంలో డేగ ఆంటెన్నా చూపు దాటి పోయింది. కమాండ్ అందిందో లేదో ఎవరికీ తెలియదు. ఇంకో ఊళ్లోని ఆంటెన్నాకు అది మళ్లీ కనబడేదాకా అందరూ తెర చూస్తూ కూర్చున్నారు. కృష్ణమోహన్ కూడా కింద నోరు పట్టుకుని తెర వైపే చూస్తున్నాడు. వృత్తి అలాంటిది.

ముందు ఒక చుక్క వచ్చింది. తర్వాత గీత వచ్చింది. రిషి ఆ గీతను వేలితో తాకాడు.

"ఎత్తు సరిగ్గ ఉన్నది ఫ్లైట్. ఎక్కింది."

ఎవరూ కేకలు వేయలేదు. హరిణి హెడ్‌సెట్ తీసి ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. అరుణాదేవి మెట్టు దిగి వచ్చి, రిషి కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"నిన్ను లేపింది నేను. నీ తప్పు లేకుండా లేపాను," అంది. "ఇది కూడా నా ఖాతాలోనే."

"పర్వాలేదు ఫ్లైట్. జర నీళ్లుంటే ఇయ్యండ్రి."

విజయేందర్ ఎర్రమంజిల్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. కాసేపటికి చీఫ్ తిరిగి ఫోన్ చేశాడు, రత్నమాల దొరికింది. ఆమె పారిపోలేదట. సాయంత్రం డెమో క్లాసుకు జనం మస్తు వచ్చారట. అంతమంది అడ్మిషన్లు వదిలి పోబుద్ధి కాలేదట. దేశాలను అమ్మినావిడ ఫీజుల దగ్గర దొరికింది.

చీకటి పడేసరికి కింద చీరల షాపు ముందు టీవీల వాళ్లు చేరారు. చైర్మన్ మైకు ముందుకు వచ్చి, కీలక క్షణంలో తాను తీసుకున్న నిర్ణయం గురించి చెప్పాడు. గాజు గురించి చెప్పలేదు. లోపల ఏదో గొడవ జరిగిందట కదా అని ఎవరో అడిగితే, ఒక చిన్న సాంకేతిక లోపం వల్ల ఒక ఉద్యోగికి రెండు పళ్లు పోయాయని, దానిని వెంటనే సరిచేశామని చెప్పాడు.

ఆ సాంకేతిక లోపం అప్పటికే పానా చంకలో పెట్టుకుని పంజాగుట్ట స్టేషన్‌లో మెట్రో ఎక్కింది. సీటు దొరకలేదు. నిలబడే ఇంటికి పోయింది.